రెండో వరుసలో ఖాళీ

మొన్న ఆదివారం మా అమ్మాయి హాల్లో ఫ్యాను ఆపేసి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చేస్తోంది. వంటింట్లోంచి వచ్చి చూస్తే, బడిలో ప్రదర్శనకు తిమింగలం బొమ్మ అచ్చు వేసుకుంటోంది. ఒక్క కాగితంలో పట్టే బొమ్మ కాదు. తోక ఒక కాగితం మీద, కన్ను ఇంకో కాగితం మీద, పొట్ట నాలుగైదు కాగితాల మీద వచ్చాయి. ప్రింటరు కిర్రుమంటూ అటూ ఇటూ తిరుగుతోంది. తడి ఆరని ఇంకు వాసన గదంతా నిండి ఉంది. గుడివాడలో సొంత ఇంట్లో నిలబడి ఉన్నదాన్ని, ఆ వాసన తగలగానే బందరులో మా నాన్నగారి ఇంటి ముందుగదిలోకి వెళ్ళిపోయాను. అక్కడ కూడా ఫ్యాను ఆపేసి ఉంది. నేల నిండా కాగితాలున్నాయి. వాటి మధ్య శోభనాద్రి మాస్టారు పంచె పైకి మడుచుకుని, ఒక కాగితం మీదకు వంగి కూర్చుని ఉన్నారు.

మాస్టారు మా వెనక వాటాలో అద్దెకుండేవారు. ఉద్యోగమంతా పల్లెటూరి చిన్న బడుల్లోనే చేశారు. పదవీ విరమణ తరువాత భార్య పోతే, ఒక ట్రంకు పెట్టె, ఒక పడక్కుర్చీ వేసుకుని మా ఇంటికి వచ్చారు. పిల్లలు లేరు. గుడివాడలో తమ్ముడు ఉండేవాడు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేవారు. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి పూర్తిగా చెప్పేదాకా ఆగి, ఇంకా ఏమైనా ఉందేమోనని మరి కాసేపు చూసి, అప్పుడు నోరు విప్పేవారు. ఆ కాసేపు మాకు చాలా ఇబ్బందిగా ఉండేది. మా అమ్మ అయితే ఆ మౌనాన్ని తట్టుకోలేక, అడగని సంగతులు కూడా ఆయనకు చెప్పేసేది.

నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న రోజులవి. రాసిన పరీక్షలేవీ కలిసి రాలేదు. నాతో చదివిన వాళ్ళు ఒక్కొక్కరే ఏదో ఒక దారి చూసుకుంటుంటే, నేను మధ్యాహ్నాలు పడుకుని సాయంత్రాలు అరుగు మీద కూర్చునేదాన్ని. నన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదు. దాంతో ఇంకా దిగులుగా ఉండేది. ఒకరోజు మాస్టారు నాన్నగారి దగ్గరకు వచ్చి, "పద్మ చేతులు ఊరికే ఉంటున్నాయండీ. ఒక కంప్యూటరు, ప్రింటరు కొనిపెట్టండి. పని నేను తీసుకొస్తాను," అన్నారు. నాన్నగారు సందేహిస్తూనే కొన్నారు. మాస్టారు మాట ప్రకారం పని తెచ్చారు. తనకు తెలిసిన బడులన్నీ తిరిగి ప్రశ్నపత్రాలు, వార్షికోత్సవం కరపత్రాలు, బహుమతి పత్రాలు పట్టుకొచ్చేవారు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, పనొచ్చింది," అని కేకేసేవారు. ఆ కేకలో ఆయనకేదో ఉద్యోగం వచ్చినంత సంతోషం ఉండేది.

మొదట్లో నేను నిర్లక్ష్యంగానే చేసేదాన్ని. ఒకసారి ఒక బడికి బహుమతి పత్రాలు అచ్చు వేశాను. మాస్టారు వాటిని ఒక్కొక్కటే చదివి, ఒకటి పక్కన పెట్టారు. ఒక పిల్లవాడి ఇంటిపేరులో దీర్ఘం పడలేదు.

"ఒక్క దీర్ఘమే కదండీ. చిన్నపిల్లాడు, వాడేం చూస్తాడు?" అన్నాను.

"వాడు చూడడమ్మా. ఇంటికి తీసుకెళ్ళి గోడకు తగిలించుకుంటాడు. వాడు పెద్దయ్యేదాకా ఆ గోడ మీద వేరే వాడి పేరే ఉంటుంది," అన్నారు.

కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, పేర్లన్నీ మళ్ళీ మొదటి నుంచి అక్షరం అక్షరం చదివి వినిపించారు. ఆ తరువాత ఎప్పుడు పేరు అచ్చు వేసినా, ఆ పేరు గల మనిషి నా భుజం మీంచి చూస్తున్నట్టే ఉండేది. కంప్యూటరు నేర్పేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఈ భయం నాకు నేర్పింది మాత్రం మాస్టారే. ఆ భయమే తరువాత నాకు అన్నం పెట్టింది.

ఆయన గురించి మాకు అర్థం కాని సంగతి ఒకటుండేది. వారానికోసారి గిలకలదిండి వెళ్ళేవారు. అక్కడి హార్బరులో పొద్దున్నే పడవలు వచ్చే వేళకు, చేపల వేలం జరిగే చోటికి వెళ్ళి, అయ్యాక తిరిగి వచ్చేవారు. చేపల కోసం వెళ్తారనుకుందామంటే ఆయన గుడ్డు కూడా ముట్టరు. మా అమ్మ ఒకసారి ఉండబట్టలేక అడిగితే, "అక్కడ మా ఊరి వాళ్ళున్నారండీ," అని ఊరుకున్నారు. ఆయన సొంత ఊరు గుడివాడ పక్కనే అని మాకు తెలుసు. ఆ మాట ఎక్కడా పొసగక, మా అమ్మ దాన్ని వదిలేసింది.

సునామీ వచ్చి వెళ్ళిన మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం, మాస్టారు రెండు అట్టముక్కల మధ్య పెట్టి దారంతో కట్టిన పొట్లం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. విప్పితే లోపల పోస్టుకార్డంత నలుపు తెలుపు ఫోటో. ఒక మూల గోధుమరంగుకు తిరిగింది. తాటాకు కప్పిన బడి ముందు మూడు వరుసల్లో పిల్లలు. కింద వరుస వాళ్ళు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వెనక వరుస వాళ్ళు బల్ల మీద నిలబడ్డారు. ఓ చివరన నల్లటి జుట్టుతో, నిటారుగా నిలబడి ఉన్న కుర్రాడిని గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"మీరేనా అండీ?"

"నేనే. నా మొదటి బడి. దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు. ఇప్పుడా పల్లె లేదు," అన్నారు. "ఉప్పెనలో పోయింది."

మా ప్రాంతంలో ఆ మాటకు వివరణ అక్కర్లేదు. డెబ్బై ఏడులో వచ్చిన ఆ ఉప్పెన గురించి పెద్దవాళ్ళు చెప్పుకునే మాటలు వింటూనే మేమంతా పెరిగాం. ఆ రోజు మాస్టారు పల్లెలో లేరు. తల్లికి జ్వరమని కబురొస్తే అంతకు ముందు రోజే గుడివాడ వెళ్ళారు. వెళ్తూ దారిలో అవనిగడ్డ స్టూడియో దగ్గర ఆగి, ఈ ఫోటో తీసుకుని సంచిలో పెట్టుకున్నారు. సోమవారం బడికి తీసుకెళ్ళి పిల్లలకు చూపించాలనుకున్నారు. ఫోటోలో ఉన్న పిల్లల్లో చాలామంది ఆ సోమవారానికి మిగల్లేదు. బతికి బయటపడిన కుటుంబాలు కొన్ని గిలకలదిండి చేరి, మళ్ళీ పడవల మీదే బతుకుతున్నాయి. మాస్టారు వారం వారం వెళ్ళేది వాళ్ళను పలకరించడానికే.

"ఇన్నేళ్ళూ ఇది ఎవరికీ చూపించలేదమ్మా. చూపిస్తే వాళ్ళ పుండు రేపినట్టవుతుందని భయం. మొన్న వేలం దగ్గర ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. సునామీ వచ్చిన రోజు మళ్ళీ సముద్రం పైకొచ్చిందని అందరితో పాటు పరిగెడుతూ కొడుకును తలుచుకుందామంటే, వాడి ముఖం గుర్తుకు రాలేదట. 'ముక్కు ఎట్టా ఉండేదో తెలీట్లేదు మాస్టారండీ,' అంది. వాళ్ళెవరి దగ్గరా ఒక్క ఫోటో లేదు. వాడు ఇందులో ఉన్నాడు. ఇదిగో, ఇక్కడ," అని గోరంత కూడా లేని ఒక ముఖం చూపించారు. "ఎంత పెద్దది చేయగలవు?"

స్టూడియోలో ఇస్తే బాగా చేస్తారని చెప్పాను. గుడివాడలో తమ్ముడి దగ్గరకు వెళ్ళినప్పుడు అడిగారట. ఫోటో వాళ్ళ దగ్గర వదిలేస్తే విజయవాడ పంపి తెప్పిస్తామన్నారట. దాన్ని చేతిలోంచి వదలలేక ఆయన తిరిగి వచ్చేశారు. ఇక మిగిలింది మా ఇంట్లో ఉన్న చిన్న ప్రింటరే. దాంట్లోంచి మామూలు తెల్లకాగితం కంటే పెద్దది రాదు. కాబట్టి ఫోటోను స్కాన్ చేసి, పెద్దది చేసి, ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో కాగితం మీద వేసి అతికించాలి. అలాంటి పని నేనెప్పుడూ చేయలేదు. చేయగలననే చెప్పాను.

చెప్పినంత తేలిక కాలేదు. మా ప్రింటరు కాగితం అంచుదాకా వేయదు, చుట్టూ తెల్లటి మార్జిను వదిలేస్తుంది. ఆ మార్జిన్లు బ్లేడుతో కోసి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి అతికించాలి. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి. బందరు వేసవిలో ఫ్యాను లేకుండా కూర్చుంటే నుదుటి మీంచి చెమట జారి ఇంకు మీద పడుతుంది. మైదా ఉడకబెట్టి అంటిస్తే ఆ తడికి అంచులు అలుక్కుపోయాయి. కరెంటు పోతే కాగితం సగంలో ఇరుక్కునేది. నల్ల ఇంకు అయిపోతే సిరంజితో నింపేదాన్ని. కొత్త ఇంకుతో వచ్చిన కాగితం నల్లగానూ, పాతది కాస్త నీలంగానూ వచ్చేవి. పక్కపక్కన పెడితే ఆకాశం గళ్ళచీరలా కనిపించేది. చివరికి వెనకవైపు టేపు వేసి, రంగులు కొంచెం అటూ ఇటూగా ఉన్నా సరిపెట్టుకుని, మొదటి ఫోటో తయారు చేశాను. ముందుగదిలో నేలంతా పరుచుకుంది. బల్ల ఎక్కి పైనుంచి చూశాను. పోస్టుకార్డులో ఆవగింజల్లా ఉన్న పిల్లలు మనుషులై నా వైపు చూస్తున్నారు.

మాస్టారు వంగి, కింద వరుసలో ఒక పిల్లవాడి ముఖం మీద వేలు పెట్టారు. రెండు కాగితాలు కలిసే చోటు సరిగ్గా వాడి ముక్కు మీదుగా పోయింది. అంచు కొద్దిగా జరగడంతో ముక్కు వంకరగా ఉంది. వేలం దగ్గర ఏడ్చినావిడ కొడుకు వాడే.

"వీడి మీద అతుకు పడిందమ్మా," అన్నారు.

"దూరం నుంచి చూస్తే తెలియదండీ. చూడండి, ఇలా నిలబడితే..."

"వాళ్ళమ్మ దూరం నుంచి చూడదు కదమ్మా. దగ్గరకొచ్చి చూస్తుంది."

నేను బల్ల దిగి వచ్చి కూర్చున్నాను. అప్పటిదాకా చేసిందంతా పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి సమానమైన ముక్కలుగా కాకుండా, ఏ ఒక్కరి ముఖం మీదా కోత పడకుండా, కొన్ని వెడల్పుగా, కొన్ని సన్నగా విడగొట్టాలి. తెర మీద ఫోటో పెట్టుకుని, ఎక్కడ గీత వేయవచ్చో మాస్టారిని అడుగుతూ పోయాను. ఆయన ఒక్కొక్కరి పేరూ చెప్పేవారు. "ఆ చెవి సుబ్బారావుది. దాన్ని వదిలేయకు, వాడి చెవులు చూసే గుర్తుపడతారు." "ఆ చెయ్యి అంకమ్మది కాదు, వెనకనున్న లక్ష్మిది. అంకమ్మ జడ పట్టుకుని లాగుతోంది. అప్పుడు నేను చూడలేదు." అలా మాట్లాడుతున్నప్పుడు ఆయన గొంతులో బడిపంతులు వినిపించేవారు. మందలిస్తున్నట్టు, ముద్దు చేస్తున్నట్టు. ఆ నాలుగు రోజుల్లో ఆ పిల్లలందరూ నాకు తెలిసిన వాళ్ళయిపోయారు.

రెండో వరుస మధ్యలో ఇద్దరు ఆడపిల్లల నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. మిగతా వాళ్ళంతా భుజాలు ఒరుసుకుని నిలబడ్డారు, అక్కడ మాత్రమే చోటుంది. గీత వేయడానికి అంతకంటే అనువైన చోటు ఏముంటుంది? నేను సంబరపడి మౌసుతో అక్కడ గీత లాగబోయాను.

"అక్కడ వద్దు," అన్నారు మాస్టారు.

"అక్కడ ఎవరూ లేరు కదండీ."

"వద్దమ్మా. వేరే చోట చూడు." లేచి నీళ్ళు తాగి వస్తానని వెళ్ళిపోయారు. చాలాసేపు రాలేదు. నేను గీతను ఇంకో పక్కకు జరిపి, ఆ ఇద్దరు పిల్లలూ వాళ్ళ నడుమ ఖాళీ ఒకే కాగితం మీద వచ్చేలా చేశాను. ఎందుకో అడగలేదు. పెద్ద ఫోటోలో చూస్తుంటే ఆ ఇద్దరిలో ఒక పిల్ల కెమెరా వైపు కాకుండా పక్కకు, బడి ముందు దారి వైపు చూస్తున్నట్టు కనిపించింది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

తయారైన ఫోటోను గొట్టంలా చుట్టి, మా అమ్మ పాత చీరలో కట్టుకుని, ఆటోలో గిలకలదిండి వెళ్ళాం. వలలు బాగుచేసుకునే షెడ్డులో ఒక గోడకు ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి, సముద్రం గాలికి లేచిపోకుండా చుట్టూ గుండుసూదులు గుచ్చాం. వేలం అయిపోయాక ఒక్కొక్కరే వచ్చారు. మొదట ఎవరూ దగ్గరకు రాలేదు. గుమ్మం దగ్గరే గుంపుగా నిలబడ్డారు. ముందుగా కదిలింది నలభైకి దగ్గర పడుతున్న ఒకాయన. సూటిగా వెళ్ళి వెనక వరుసలో పెద్ద చెవుల పిల్లవాడి ముందు నిలబడి, పగలబడి నవ్వాడు. "ఒరేయ్ సుబ్బారావూ, ఏంట్రా ఆ చెవులు!" అన్నాడు. అతనే సుబ్బారావు. బోటు ఇంజన్లు బాగుచేస్తాడట. ఆ నవ్వు విన్నాక మిగిలిన వాళ్ళు కూడా కదిలారు.

తరువాత జరిగింది నేను సరిగ్గా రాయలేను. వేలం దగ్గర ఏడ్చినావిడ కొడుకు ముఖం ముందు నిలబడి ముక్కు తడిమింది. మాస్టారు అన్నట్టే చాలా దగ్గరగా, దాదాపు తల ఆనించి చూసింది. చేపలు పట్టిన చెయ్యి, ఇంకా తడి ఆరలేదు. ఆమె బొటనవేలి కింద పిల్లవాడి బుగ్గ అలుక్కుపోయింది. ఆవిడ బెదిరిపోయి చెయ్యి వెనక్కు లాక్కుని, "అయ్యో, చెరిపేశాను, చెరిపేశాను," అంది. నేను పరిగెత్తుకెళ్ళి, "ఏం కాదండీ, మళ్ళీ వేసిస్తాను. ఎన్నయినా వేసిస్తాను," అన్నాను. "మళ్ళీ వస్తాడా?" అని అడిగింది. వస్తాడన్నాను. ఆ మాట నా నోట్లోంచి రాగానే ఎంత బరువైనదో తెలిసింది.

అందరూ ఎవరి వాళ్ళను వాళ్ళు వెతుక్కుని, పక్కవాళ్ళకు చూపించుకుని, కొందరు ఏడ్చి, కొందరు ఎందుకో పోట్లాడుకుని, ఒక్కొక్కరే సర్దుకున్నారు. ఒక ముసలామె మాత్రం మొదటి వరుస నుంచి చివరి వరుసకు, మళ్ళీ చివరి నుంచి మొదటికి వెతుకుతూనే ఉంది. పేరు వీరమ్మ. ఉప్పెన రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికిన మనిషి. భర్త, ఇద్దరు పిల్లలు పోయారు.

"మాస్టారండీ, మా నాంచారి ఏదండీ?" అంది.

మాస్టారు అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు, దాని నుంచే పారిపోవాలని ఉన్నట్టు ఉంది ఆయన ముఖం. ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. తను ఆమె ముందు పిల్లవాడైనట్టు.

"నాంచారి ఇందులో లేదు, వీరమ్మా. ఆ రోజు బడికి వచ్చింది. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. ఫోటో బడిపిల్లలకే, వాణ్ణి ఇంట్లో దింపి రా అని నేనే పంపించాను."

వీరమ్మ ఆయన వైపే చూస్తోంది. "ఇంట్లో ఎవరికి దింపుద్దండీ? నేను గంపెత్తుకుని నాగాయలంక ఎల్లాను కదా. ఆణ్ణి దాని సంకనెట్టి ఎల్లింది నేనేగా," అంది. అది కోపం కాదు. ఆ రోజు సంగతి అప్పుడే తెలిసి, తన వంతు తను లెక్క తీస్తున్నట్టుగా అంది.

"ఫోటో తీసే అతను నాగాయలంక వెళ్ళి బస్సు పట్టుకోవాలని తొందరపెట్టాడు. కాసేపు ఆగవయ్యా, ఒక పిల్ల రావాలి అని నేను అనలేదు. అంటే ఆగేవాడే. అనలేదు."

"మరి తిరిగొచ్చిందా?"

"వచ్చింది. ఫోటో అతను సైకిలెక్కి వెళ్ళిపోయాక వచ్చింది. తమ్ముణ్ణి ఎవరింట్లోనో దింపింది. తల దువ్వుకుంది. ముఖానికి పౌడరు రాసుకుంది, సరిగ్గా పులుముకోలేదు, ఒక బుగ్గ మీద తెల్లగా ఉండిపోయింది. ఎర్ర రిబ్బను కట్టుకుంది. గట్టు మీంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి, తన చోట్లో నిలబడింది."

"ఏడ్చిందా?"

"లేదు. 'అయిపోయిందా మాస్టారూ?' అంది. 'ఇంకోసారి తీయిద్దాంలే,' అన్నాను. సరేనని తలూపింది."

బయట ఐసు గడ్డలు పగలగొడుతున్న చప్పుడు వినబడుతోంది. మాస్టారు ఫోటో దగ్గరకు వెళ్ళి, రెండో వరుసలో ఆ ఖాళీ మీద చెయ్యి పెట్టి చూపించారు. "ఇది దాని చోటు. సీత, రంగమ్మ దాని కోసమని ఉంచారు. రంగమ్మ చూడు, అది వస్తోందేమోనని దారి వైపు చూస్తోంది." నాకు అప్పుడు తెలిసింది నేను ఎక్కడ గీత వేయబోయానో.

వీరమ్మ దగ్గరకు వెళ్ళింది. చీర చెంగుకు చెయ్యి శుభ్రంగా తుడుచుకుని, ఆరిందో లేదో చూసుకుని, అప్పుడు ఆ ఖాళీ మీద అరచెయ్యి ఆనించింది. మాస్టారిని ఒక్క మాట అనలేదు. "పర్వాలేదు" అనీ అనలేదు. ఆయన ఆ రెండింటిలో ఏదో ఒకటి వినడానికి నిలబడ్డారని నాకనిపించింది. ఆమె చెయ్యి తీసి, నా వైపు తిరిగి, "ఈ ముక్క నాకొకటి ఏసిస్తావా అమ్మా?" అని మాత్రం అడిగింది.

ఆ వారమంతా ముక్కలు వేసిచ్చాను. ఎవరి పిల్లల ముక్క వాళ్ళకు. వీరమ్మకు సీత, రంగమ్మ, వాళ్ళ నడుమ ఖాళీ ఉన్న కాగితం. అది అచ్చు అవుతున్నప్పుడు మాస్టారు ప్రింటరు పక్కనే నిలబడి, కాగితం మెల్లమెల్లగా బయటికి రావడం చూశారు. "ఎంత పెద్దది చేసినా లేనిది రాదు కదమ్మా," అన్నారు. ఆయన నాతో ఫిర్యాదులా అన్న మాట అదొక్కటే.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. పది పదిహేను రోజుల తరువాత వీరమ్మ మా ఇంటికి వచ్చి, వెనక వాటా మెట్ల మీద కూర్చుంది. మాస్టారు బయటికి వచ్చారు. "ఆ రోజు ఎట్టా ఒచ్చిందో సెప్పండి మాస్టారండీ," అంది. ఆయన చెప్పారు. తల దువ్వుకోవడం, పౌడరు, ఎర్ర రిబ్బను, గట్టు మీద పరుగు. విని, లేచి వెళ్ళిపోయింది. ఆ తరువాత చేపలు అమ్ముకోవడానికి ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా గంప గేటు పక్కన దించి, మెట్ల మీద కూర్చుని అదే అడిగేది. ఆయన అదే చెప్పేవారు. ఒక్క మాట కలపలేదు, తీయలేదు. చెప్పిన ప్రతిసారీ చివరికి వచ్చేసరికి, "ఇంకోసారి తీయిద్దాంలే అన్నాను," అని తన మాట కూడా చెప్పేవారు. దాన్ని వదిలేయొచ్చు, ఆమె అడిగేది కూతురు గురించే. ఆయన వదల్లేదు. మా అమ్మ చూడలేక, "పాపం, ఆయన్ను ఎందుకలా కాల్చుకు తింటుంది?" అనేది. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. అది ఆయనకు శిక్షో, ఆమెకు ఓదార్పో నాకు తేలేది కాదు. ఇన్నేళ్ళ తరువాత కూడా తేల్చుకోలేకపోయాను. బహుశా వాళ్ళిద్దరికీ కూడా తెలియదు. నాంచారి ఆ రోజు తల దువ్వుకుని వచ్చిన తీరు అంత వివరంగా గుర్తున్న మనిషి లోకంలో ఆయనొక్కరే. ఆమె అక్కడికి రాక ఇంకెక్కడికి పోతుంది?

ఒక స్నేహితుడిలా నాతో అన్ని సంగతులూ మాట్లాడిన మాస్టారు, ఆ పిల్ల గురించి నాతో విడిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, నా పెళ్ళిలో, ఫోటోలు తీస్తున్నప్పుడు వేదిక పక్కన నిలబడి ఉన్నవారు ఉన్నట్టుండి, "అందరూ వచ్చారా? ఒకసారి చూసుకోండి," అని గట్టిగా అన్నారు. ఎవరో నవ్వారు. వీడియో అతను, "అందరూ ఉన్నారండీ, మీరే లేరు, రండి," అని పిలిచాడు. ఆయన రాలేదు. నా పెళ్ళి ఫోటోల్లో నాకు పని నేర్పిన మనిషి లేరు. ఆ ఒక్కటి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

పెళ్ళయ్యాక నేను గుడివాడ వచ్చేశాను. రెండేళ్ళకు మాస్టారికి జబ్బు చేస్తే తమ్ముడు ఆయన్ను గుడివాడ తెచ్చుకున్నాడు. చూడటానికి వెళ్ళేదాన్ని. మాట బాగా తగ్గిపోయింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "వీరమ్మ వస్తే..." అన్నారు. మిగతాది చెప్పలేకపోయారు. నేను సరేనన్నాను. దేనికి సరేనన్నానో నాకూ స్పష్టంగా తెలియదు. ఆ వానాకాలంలోనే ఆయన పోయారు.

దసరాకు బందరు వెళ్ళినప్పుడు, పొద్దున్నే గేటు చప్పుడైంది. వీరమ్మ గంప దించి, మాస్టారు తిరిగొచ్చారేమోనని వెనక వాటా వైపు నడుస్తోంది. ఆ వాటాకు తాళం వేసి ఉంది. నేను వెళ్ళి మాస్టారు పోయిన సంగతి చెప్పాను. తాళం వైపు చూస్తూ మెట్ల మీద కూలబడింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. ఆయన కోసమో, ఇక కూతురి సంగతి చెప్పేవాళ్ళు లేరనో. కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది.

"నువ్వు ఇన్నావుగా అమ్మా. నువ్వు సెప్పు."

నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నేను ఆ పిల్లను చూడలేదు. ఆ బడిని చూడలేదు. అప్పటికి నేను పుట్టనే లేదు. అయినా చెప్పడం మొదలుపెట్టాను. తమ్ముణ్ణి ఎవరింట్లోనో దింపింది. తల దువ్వుకుంది. పౌడరు ఒక బుగ్గ మీద తెల్లగా ఉండిపోయింది. గట్టు మీంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"రిబ్బను," అంది వీరమ్మ.

"ఎర్ర రిబ్బను కట్టుకుంది," అన్నాను.

ఆమె తలూపింది. నేను చెబుతూ పోయాను. చివరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగిపోయాను, మాస్టారి మాట చెప్పాలా వద్దా అని. వీరమ్మ ఎదురుచూస్తోంది. చెప్పాను. "'ఇంకోసారి తీయిద్దాంలే,' అన్నారు మాస్టారు. సరేనని తలూపింది."

వీరమ్మ ఆ తరువాత మరి రెండు మూడుసార్లు వచ్చిందేమో. ఇప్పుడు ఆమె కూడా లేదు. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఒక్కోసారి బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, పొలం గట్టు మీద ఏ పిల్లో పరిగెత్తుతూ కనిపిస్తే, నాలో నేను మొదటి నుంచి చెప్పుకుంటాను. మాట పోకుండా చూసుకుంటాను. రిబ్బను ఇప్పటిదాకా మళ్ళీ మరిచిపోలేదు.